నొప్పి పోయింది సరే, గాయం మానిందా?

మన ధర్మపురి పిల్లలు ఆటలలో ముందుకు వస్తున్నారు. ఇది సంతోషించవలసిన సంగతి. తెల్లవారుజామున మైదానానికి పోయి చూస్తే పోలీసు ఎంపికకని, సైన్యంలో చేరాలని పరుగులు తీసే కుర్రవాళ్ళు కనిపిస్తారు. సాయంకాలమైతే కబడ్డీ, వాలీబాలు. ఆడపిల్లల చేతులలో బాడ్మింటను బ్యాట్లు. మన తాతల కాలంలో ఆట అంటే పొలం పని తీరిన తరువాత దొరికే కాస్త కాలక్షేపం. ఇప్పుడది చదువులో ఒక భాగం. కొందరికి ఉద్యోగానికి దారి. ఆటలు పెరిగినకొద్దీ దెబ్బలూ పెరుగుతాయి గదా! చీలమండ బెణకడం, మోకాలు మెలిపడడం, తొడకండరం పట్టివేయడం, భుజం జారడం - ఇవన్నీ నేడు మన ఇండ్లలో జలుబు, దగ్గులవలె సామాన్యమైపోయినవి.

దెబ్బ తిన్న పిల్లవాడు కుంటుకుంటూ ఇల్లు చేరాడంటే ఆ ఇంట పెద్ద సభే కూడుతుంది. అవ్వ చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి పట్టు వేయమంటుంది. తాత వావిలాకు కాపడం పెట్టమంటాడు. మేనమామ హొగెనకల్లుకు తీసికొనిపోయి నూనె మాలీషు చేయిస్తే చాలునంటాడు. ఎదురింటివారు పుత్తూరు కట్టు మాట ఎత్తుతారు. తండ్రి ఎక్స్‌రే తీయిద్దామంటాడు. ఈ సభలో ఇటీవల ఇంకొక మాట కూడ చేరింది: "సూది వైద్యం చేయించండి. ఫలానావారి అబ్బాయికి రెండే రోజులలో నొప్పి మాయమైందట!"

ఆ సూది వైద్యమే ఆక్యుపంక్చరు. ఆటలలో తగిలిన దెబ్బలకు అది ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అనే విషయాన్ని ఈ నెల ముచ్చటించదలచాము. మేము ఏ వైద్యం పక్షానా వకాల్తా పుచ్చుకోలేదు. ఏ వైద్యానికీ శత్రువులమూ కాము. తెలిసినంతవరకు మంచి చెడ్డలు రెండూ పాఠకుల ముందుంచడమే మా పని.

సూదిమందు కాదు, సూదియే మందు

సూది అనగానే మనకు ఇంజక్షను జ్ఞాపకం వస్తుంది. ఇది అది కాదు. ఇంజక్షను సూది లోపల బోలుగా ఉంటుంది. మందు దాని గుండా ఒంటిలోనికి పోతుంది. ఆక్యుపంక్చరు సూదిలో బోలు లేదు, మందూ లేదు. వెంట్రుకవలె సన్నని ఉక్కుతీగ. సాధారణంగా మిల్లీమీటరులో నాలుగవవంతు మందం. దానిని చర్మంలో గుచ్చి పదిహేను నిమిషాల నుంచి అరగంట వరకు అలాగే ఉంచుతారు. ఒక్కొక్కసారి వ్రేళ్ళతో మెల్లగా త్రిప్పుతారు. కొందరు సూదులకు సన్నని విద్యుత్తును తగిలిస్తారు. గుచ్చినచోట కొంచెం బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తుంది. భయపడినంత నొప్పి ఉండదు.

ఈ వైద్యానికి పుట్టిల్లు చీనా. ఒంటిలో ప్రాణశక్తి కొన్ని మార్గాల వెంట ప్రవహిస్తుందనీ, ఆ ప్రవాహం అడ్డగిస్తే రోగం వస్తుందనీ, సూదితో ఆ అడ్డు తొలగించవచ్చుననీ చీనావారి శాస్త్రం. ఆ మార్గాలపై 361 స్థానాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో చేర్చింది. శరీరాన్ని కోసి చూసినవారికి ఆ మార్గాలు ఎక్కడా కంటబడలేదు. అయినప్పటికీ చీనాలో, జపానులో, కొరియాలో తరతరాలుగా ఈ వైద్యం నడుస్తూనే ఉన్నది. "ఆక్యుపంక్చరు" అనే పేరు లాటిను భాషలోనిది. సూదితో గుచ్చడమని అర్థం. విల్లెం టెన్ రైన్ అనే డచ్చి వైద్యుడు జపానులో చూచినది 1683లో పుస్తకంగా వెలువరించినప్పుడు ఈ పేరు ఐరోపాలో వ్యాపించింది.

ఆ 361 స్థానాలలో ఆటగాళ్ళకు బాగా తెలిసినది ఒకటున్నది. మోకాలిచిప్పకు నాలుగు వ్రేళ్ళ దిగువన, ముందెముకకు కొంచెం వెలుపల ఉంటుంది. చీనావారు దానిని జూసన్లీ అంటారు; లీ అంటే వారి దూరపు కొలత, కాలికి మూడు లీలు అని అర్థం. అలసి కూలబడిన బాటసారి ఆ చోటును బాగుచేసికొంటే ఇంకొక మూడు లీలు నడవగలడని చెప్పుకొంటారు. జపాను కవి బాషో 1689లో ఉత్తర దేశపు కాలినడక యాత్రకు బయలుదేరబోతూ మోకాళ్ళ క్రింద అదే చోట మోక్సా కాల్చుకొన్నానని వ్రాశాడు. మోక్సా అంటే మరేదో కాదు. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి ఉన్నదే, ఆ జాతి మొక్క ఆకులను ఎండబెట్టి దూదివలె చేసినది. సూదితో పాటు దాని సెగ పెట్టడం ఈ వైద్యంలో భాగం. వాతలు పెట్టించుకొన్న మన పెద్దలకు ఇది వింతగా తోచదు.

మన దేశానికి వచ్చిన దారి

ఈ విద్య మన దేశానికి వచ్చిన కథలో ఒక త్యాగం ఉన్నది. 1938లో జపాను దండయాత్రతో తల్లడిల్లుతున్న చీనాకు మన కాంగ్రెసువారు ఐదుగురు డాక్టర్లను పంపారు. వారిలో షోలాపూరుకు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ గాయపడిన సైనికులకు రాత్రింబవళ్ళు సేవ చేసి, 1942 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు. ఆ ఐదుగురిలో మరొకరు కలకత్తాకు చెందిన విజయకుమార్ బసు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత బసుగారు మళ్ళీ చీనాకు పోయి సూది వైద్యం నేర్చుకొని, 1959లో దానిని మన దేశంలో ప్రవేశపెట్టారు. తోటి డాక్టరు కోట్నిస్ పేరునే ఆ సేవ సాగింది.

పాశ్చాత్యులు దీనిని పట్టించుకొన్నది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన జేమ్స్ రెస్టన్ పెకింగులో ఉండగా అపెండిసైటిసు వచ్చి శస్త్రచికిత్స జరిగింది. సూదులు గుచ్చియే ఆయన కడుపు కోశారని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. కోసింది మామూలు మత్తుమందు ఇచ్చియే. తరువాత కడుపు ఉబ్బరించి బాధపడుతున్నప్పుడు సూదులు వేయగా ఉపశమనం కలిగిందని ఆయనే వ్రాశాడు. ఈ చిన్న తేడాను పాఠకులు గుర్తుంచుకోవలెను. సూది బాధను తగ్గించింది. రోగాన్ని తీసివేసింది కత్తి. మేము ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా దాదాపు ఇందులోనే ఉన్నది.

మన కేంద్ర ప్రభుత్వం 2003లో దీనిని ఒక చికిత్సా విధానంగా ఒప్పుకొన్నది. 2019లో స్వతంత్ర పద్ధతిగా గుర్తించింది. ప్రకృతి వైద్యం, యోగ చదివే డాక్టర్ల పాఠ్యక్రమంలో ఇదొక పాఠం. ఫిజియోథెరపీ చేసేవారిలో కొందరు బిగుసుకొన్న కండరంలో సూది గుచ్చి సడలిస్తారు. దానిని డ్రై నీడ్లింగు అంటారు. సూది ఒకటే అయినా అక్కడి లెక్క చీనావారి మార్గాలు కాదు, కండరపు ముడి.

"ఇదంతా మన సుశ్రుతుడు చెప్పినదే" అని కొందరంటారు. సుశ్రుత సంహితలో 107 మర్మస్థానాలు చెప్పబడిన మాట నిజమే. కాని ఆ చోట్ల గాయం తగిలితే ప్రాణాపాయమో, అవిటితనమో కలుగుతుందనీ, శస్త్రవైద్యుడు వాటిని తప్పించి కోయవలెననీ ఆయన హెచ్చరిక. చీనావారు గుచ్చమన్నారు, సుశ్రుతుడు తప్పించమన్నాడు. తమిళుల వర్మం ఈ మర్మాలకు దగ్గర చుట్టం. అది చేతులతో నొక్కే విద్య. ఎవరి సొమ్ము వారిదే. ఇరుగుపొరుగు విద్యలను గౌరవించడానికి వాటిని మనవని చెప్పుకోనక్కరలేదు.

పరీక్షలు ఏమి చెబుతున్నవి?

సూది గుచ్చితే నొప్పి ఎట్లా తగ్గుతుంది? మన మెదడు తనంతట తాను నల్లమందువంటి పదార్థాలను తయారుచేసికొంటుంది, వాటిని ఎండార్ఫినులంటారు. సూదిపోటుకు అవి ఊరుతాయని శాస్త్రజ్ఞుల ఊహ. 1977లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, నల్లమందు ప్రభావాన్ని విరిచే మందు ఇవ్వగానే సూది ఇచ్చిన ఉపశమనం కూడ తగ్గిపోయింది. ఇది కాక, వైద్యుడు ఓపికగా కూర్చోబెట్టి, మాట్లాడి, ఒంటిపై చేయి వేసినందువలన కలిగే ధైర్యం కూడ పనిచేస్తుంది. దానిని తక్కువగా చూడరాదు.

మరి ఫలితాల సంగతి? జర్మనీలో నడుము నొప్పితో బాధపడే 1162 మందిపై జరిగిన పరీక్ష 2007లో వెలువడింది. వారిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు శాస్త్రప్రకారం సూదులు. రెండవ జట్టుకు ఉత్తుత్తి సూదులు, అంటే స్థానాలు కానిచోట పైపైన గుచ్చడం. మూడవ జట్టుకు మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలల తరువాత చూస్తే మొదటి జట్టులో నూటికి 47.6 మంది, రెండవ జట్టులో 44.2 మంది, మూడవ జట్టులో 27.4 మంది మెరుగైనారు. దీని అర్థమేమి? సూది వేయించుకొన్నవారు వేయించుకోనివారికంటె బాగుపడ్డారు. కాని సరియైన చోట గుచ్చినా, కానిచోట గుచ్చినా పెద్ద తేడా లేదు! చాలాకాలంగా మెడ, నడుము, భుజం, మోకాలి నొప్పులు, తలనొప్పి ఉన్న 20,827 మంది వివరాలను కలిపి 2018లో ప్రకటించిన మరొక పరిశీలనలో, నిజమైన సూది ఉత్తుత్తి సూదికంటె కొంచెం మేలని తేలింది. కొంచెమే, కాని మేలే.

ఇవి పాతబడిన నొప్పుల సంగతులు. ఆటలలో అప్పటికప్పుడు తగిలే దెబ్బల మాట వేరు. చీలమండ బెణుకుపై జరిగిన 20 పరీక్షలను 2014లో కొక్రేన్ సంస్థవారు జల్లెడపట్టి చూశారు. ఆ పరీక్షలు సరిగా జరగలేదనీ, సూది వలన బెణుకు త్వరగా మానుతుందని నమ్మకంగా చెప్పడానికి ఆధారం చాలదనీ తేల్చారు. ఇంగ్లాండులో ప్రభుత్వ వైద్యానికి దారిచూపే సంఘం 2016లో నడుము నొప్పికి ఆక్యుపంక్చరు వద్దన్నది. అదే సంఘం 2021లో దీర్ఘకాలపు నొప్పులకు ఒక విడత చేయించి చూడవచ్చునన్నది. పెద్దపెద్ద పండితులే ఇట్లా తూకం వేసి మాట్లాడుతున్నప్పుడు, "మూడు సూదులతో మోకాలు బాగు" అనే గోడమీది ప్రకటనను మనం ఎంత నమ్మవలెనో ఆలోచించండి.

నొప్పి ఇంటి కావలివాడు

నొప్పి మనకు శత్రువుగా తోస్తుంది. యథార్థానికి అది కావలివాడు. "ఇక్కడ చెడింది, దీనిమీద బరువు వేయవద్దు" అని కేకవేయడమే దాని పని. కేక మరీ పెద్దదై నిద్ర పట్టనీయకపోతే దానిని తగ్గించడం న్యాయమే. కాని కావలివాడి నోరు మూసి, దొంగ పోయినాడనుకొంటే ఎట్లా?

ఒక ఉదాహరణ చెబుతాము. పోలీసు ఎంపికకు 1500 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్ళు మన జిల్లాలో ఎంతోమంది. ఎంపిక తేదీ ప్రకటించగానే అంతవరకు వారానికి మూడు రోజులు పరుగెత్తినవాడు ఏడు రోజులూ, అదీ గట్టి తారు రోడ్డు మీద, పరుగెత్తుతాడు. మోకాలికి, చీలమండకు నడుమనున్న ముందెముక నొప్పి పెడుతుంది. కొందరిలో అది ఎముకమీది పొర వాపు మాత్రమే. కొందరిలో ఎముకకే వెంట్రుకవాసి పగులు పట్టి ఉంటుంది. తొలి వారాలలో అది ఎక్స్‌రేలో కూడ కనబడకపోవచ్చు. అటువంటి కాలికి సూదులు వేయించి, నొప్పి అణగగానే, "అయ్యా, ఆదివారం పరుగెత్తవచ్చునా?" అని అడుగుతాడు పిల్లవాడు. "నొప్పి లేదు గదా, పరుగెత్తు" అన్నారంటే ఆ వెంట్రుకవాసి పగులు విరుగుడుగా మారవచ్చు. అప్పుడు పోయేది ఒక ఎంపిక కాదు, రెండు మూడు ఎంపికలు. ఇంటికి ఆధారమైన ఉద్యోగం ఆ కాలిమీద నిలిచి ఉన్నదని మనకు తెలియనిది కాదు. అందువలననే ఈ తొందర. అందువలననే ఈ జాగ్రత్త.

మోకాలి సంగతి ఇంకా చిత్రమైనది. కబడ్డీలో కాలు నేలకు అతుక్కొని ఒళ్ళు తిరిగినప్పుడు మోకాలిలో 'టప్' మన్న చప్పుడు, కొద్ది గంటలలో వాపు. మన ఊళ్ళో "జవ్వు చినిగింది" అంటారే, అది ఇదే. డాక్టర్లు ఏ.సి.ఎల్. అనే ఈ జవ్వు పైయెముకను క్రిందియెముకతో కట్టి ఉంచే తాడు. అది తెగినా కొన్ని వారాలకు వాపు, నొప్పి వాటంతటవే తగ్గుతవి. మనిషి మామూలుగా నడుస్తాడు. ఆ మధ్య ఏ వైద్యం చేసి ఉంటే ఆ వైద్యానికి పేరు వస్తుంది! పట్టు వేస్తే పట్టుకు, సూది వేస్తే సూదికి. మళ్ళీ మైదానంలో దిగి చటుక్కున మలుపు తిరిగిననాడు మోకాలు జారి, లోపలి మెత్తలు కూడ చినుగుతవి. తెగిన తాడును సూది అతకదు. నూనె అతకదు. కొందరికి శస్త్రచికిత్స కావలెను. కొందరికి నెలల తరబడి వ్యాయామంతో చుట్టూ కండరాలను బలపరిస్తే చాలును. ఏది ఎవరికో పరీక్షించి చూచినవారు చెప్పవలసినదే.

శస్త్రచికిత్స అయినవారికీ తొందర పనికిరాదు. తొమ్మిది నెలలు నిండేలోగా ఆటలోకి దిగినవారు తిరిగి దెబ్బతినడం చాలా ఎక్కువనీ, ఆ గడువులోపల ఒక్కొక్క నెల ఆగినకొద్దీ ఆ ప్రమాదం సుమారు సగానికి తగ్గుతూ వచ్చిందనీ 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు.

ఓర్పు ఫలిస్తుందనడానికి మన తెలుగువారిలోనే నిదర్శనమున్నది. పుల్లెల గోపీచంద్ 1994లో పూనాలో జాతీయ క్రీడలలో ఆడుతూ ఇదే మోకాలి జవ్వును తెంచుకొన్నారు. కత్తి పడింది; ఏండ్ల కష్టం పట్టింది. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచారు. ఆయన దగ్గర విద్య నేర్చిన పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హాములో నొప్పితోనే ఆడి కామన్వెల్తు బంగారు పతకం గెలిచింది. తరువాత చూస్తే ఎడమకాలి ఎముకకు పగులు. అప్పుడామె ఏమి చేసింది? ఆ నెలలోనే జరగవలసిన ప్రపంచ పోటీలు వదలుకొని, 2023 జనవరి వరకు ఆగింది. మన ప్రక్క సేలం జిల్లా చిన్నప్పంపట్టి నుంచి వచ్చి హైదరాబాదు జట్టుకు ఆడిన బౌలరు నటరాజన్ కూడ 2021లో మోకాలి బాధతో పోటీల మధ్యలోనే తప్పుకొని శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. ఇంతటివారే ఆగినప్పుడు, మన ఊరి ఆదివారపు పందెం కోసం మన పిల్లవాడు ఆగలేడా?

దెబ్బ తగిలిననాడు ఏమి చేయవలెను?

చీలమండ బెణికితే ఎక్స్‌రే అవసరమో లేదో ఆసుపత్రిలో వైద్యులు తేల్చుకోవడానికి కెనడా డాక్టర్లు 1992లో ఒక సులభమైన పద్ధతి చెప్పారు. లోకమంతటా ఆసుపత్రులలో దానినే వాడుతున్నారు. దెబ్బ తగిలినవాడు తన కాలిమీద బరువు వేసి, కుంటుతూనైనా సరే, నాలుగు అడుగులు వేయగలడా? లేకపోతే ఎక్స్‌రే తప్పదు. వేయగలిగినా, చీలమండకు రెండువైపుల ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొననుగాని వెనుక అంచునుగాని వ్రేలితో నొక్కితే గట్టిగా నొప్పి ఉన్నదా? పాదం వెలుపలి అంచున, చిటికెనవ్రేలికీ మడమకూ నడుమనున్న ఎముక మొదట, లేదా పాదం లోపలివైపు ఒంపు పైనున్న ఎముకమీద నొప్పి ఉన్నదా? ఉంటే ఎక్స్‌రే తీయించవలెను. ఇవేవీ లేకపోతే విరిగి ఉండడం బహు అరుదు. ఈ నాలుగు అడుగుల లెక్క ప్రతి తల్లికీ తెలిసి ఉండదగినది.

మొదటి రెండు మూడు రోజులు కాలికి బరువు తగ్గించి, సాగే గుడ్డతో కట్టు కట్టి, దిండుపై ఎత్తుగా ఉంచవలెను. ఐసును గుడ్డలో చుట్టి పావుగంట పెడితే నొప్పికి హాయి. అవ్వ చెప్పిన కాపడం మంచిదే, కాని ఆ మొదటి రోజులలో కాదు. కొత్త దెబ్బకు వేడి తగిలితే వాపు హెచ్చవచ్చు. హొగెనకల్లు మాలీషు కూడ అంతే. అలసిన కండరానికి అది ఎంతో సుఖం. కొత్తగా తెగిన జవ్వును, విరిగిన ఎముకను ఎంతటి నేర్పరి చేతికీ అప్పగించరాదు. వాపు తీసిన తరువాత వావిలాకు నీళ్ళ కాపడానికి మాకేమీ అభ్యంతరం లేదు. తమిళులు దానినే నొచ్చి అంటారు. రెండిళ్ళవారూ నమ్మిన ఆకు.

పుత్తూరు కట్టు పేరు తెలియని ఇల్లు మన ప్రాంతంలో లేదు. చిత్తూరు సీమలో పుత్తూరు దగ్గరి ఒక రాజుల కుటుంబం 1881 నుంచి చేస్తున్న వైద్యమిది. ఆకుపసరును కోడిగ్రుడ్డు సొనతో కలిపి పట్టువేసి, వెదురుబద్దలతో కట్టు కడతారు. ఆ పేరు పెట్టుకొన్న కొట్లు మాత్రం తమిళనాడు ఊరూరా ఉన్నవి. అందరికీ ఆ కుటుంబంతో సంబంధమున్నదని అనుకోరాదు. ఎవరు కట్టిన కట్టయినా, అది ఆసుపత్రి మావుకట్టయినా సరే, వ్రేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, స్పర్శ తప్పినా, నొప్పి తగ్గకపోగా హెచ్చినా తెల్లవారేవరకు ఆగవద్దు. వెంటనే కట్టు విప్పించండి. రక్తం ఆగిన చేయి కొద్ది గంటలలో శాశ్వతంగా చెడుతుంది.

ఇక సూది ఎప్పుడు? ఏమి చెడిందో తేలిన తరువాత. ఎముక విరగలేదు, జవ్వు పూర్తిగా తెగలేదు అని తెలిసినప్పుడు. లేదా మానే దారిలో ఉన్న కాలు నొప్పి వలన వ్యాయామం చేయనీయనప్పుడు. మోచేతి నొప్పి, భుజం పట్టు, మెడ, నడుము, పాతబడిన మోకాలి నొప్పి - ఇటువంటివాటికి ఒక విడత ప్రయత్నించి చూడవచ్చు. ఆరు ఎనిమిది సార్లు చేయించినా గుణం కనిపించకపోతే ఆపివేయడమే వివేకం. గుణం కనిపిస్తే, నొప్పి తగ్గిన ఆ వ్యవధిని దేనికి వాడుకోవలెను? ఆటకు కాదు, వ్యాయామానికి. కండరాన్ని బలపరచేది, కీలుకు నిలకడ నేర్పేది వ్యాయామమే. సూది తలుపు తెరుస్తుంది, అంతే. లోపలికి నడవవలసినది పిల్లవాడే.

వైద్యుణ్ణి ఎంచుకొనేటప్పుడు

సూదులు కొత్తవై, మూసిన పొట్లం మన కళ్ళముందే విప్పవలెను; ఒకసారి వాడినది పారవేయవలెను. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే కామెర్ల విషం ఒకరి నెత్తురు నుంచి ఇంకొకరికి ప్రాకుతుంది. ఇందులో మొగమాటం పనికిరాదు; "అయ్యా, కొత్త సూది తీయండి" అని మర్యాదగా అడగవచ్చు. అడిగితే కోపగించుకొనే చోటు మనకు తగిన చోటు కాదు. రొమ్ము, వీపు పైభాగం, భుజాల నడుమ లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం ఉన్నది. అరుదే కాని, జరిగినది. సూదులు వేయించుకొన్న తరువాత ఊపిరాడకపోయినా, రొమ్ములో పోటు వచ్చినా నేరుగా ఆసుపత్రికి పోవలెను. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు, పాదాలలో స్పర్శ తగ్గిన చక్కెర రోగులు ముందే ఆ సంగతి చెప్పవలెను. మందులన్నీ మానివేయమనీ, ఎక్స్‌రేలు దండుగ అనీ చెప్పే వైద్యుని దగ్గర నుంచి లేచి రావడం మంచిది. మంచివారు తమ విద్యకు హద్దు ఎక్కడో తామే చెబుతారు.

పోటీలలో పాల్గొనే పిల్లలకు ఇంకొక మాట. సూదికి క్రీడాసంఘాల నిషేధం లేదు. కాని సూదితో పాటు ఇచ్చే పొడులు, మాత్రలు, కషాయాలలో ఏమున్నదో తెలియకుండ మ్రింగరాదు. చీనా మందులలో వాడే ఒక మొక్కలో ఎఫిడ్రిను ఉంటుంది. పోటీనాడు అది ఒంటిలో మితిమీరి కనిపిస్తే నిషేధమే. సంవత్సరాల శ్రమ ఒక మాత్రతో పోగొట్టుకోవడం ఎంత దురదృష్టం!

చివరకు, తిరిగి ఆడవచ్చునా అనే ప్రశ్న. దానికి నొప్పిని సాక్ష్యం పిలువకండి, కాలినే అడగండి. దెబ్బతిన్న కాలు రెండవ కాలితో సమంగా వంగి, చాగుతున్నదా? ఆ ఒక్క కాలిమీద నిలిచి, గెంతి, మంచి కాలు గెంతినంత దూరం గెంతగలదా? నిదానంగా పరుగెత్తి, తరువాత వేగంగా పరుగెత్తి, తరువాత మలుపులు తిరిగి - ఈ మూడు మెట్లూ ఎక్కిన మరునాడు వాపు లేకుండ ఉన్నదా? ఇవన్నీ సరిగా ఉంటే, చూస్తున్న డాక్టరుగానీ ఫిజియోథెరపీవారుగానీ సరేనంటే, అప్పుడు మైదానానికి పంపండి. సూది వేయించారా, పట్టు వేయించారా, ఏమీ వేయించలేదా అనేది ఆనాడు ఎవరికీ గుర్తుండదు. నిలిచే కాలే గుర్తుంటుంది.

మన పిల్లలకు ఆట కావలెను; ఉద్యోగమూ కావలెను. ఆ కాళ్ళతో వారు ఇంకా యాభై అరవై ఏండ్లు నడవవలసి ఉన్నది. వచ్చిన నొప్పిని తగ్గించండి, తప్పులేదు. తగ్గిన తరువాత కూడ రెండు వారాలు ఆగమని చెప్పే పెద్ద ఒక్కరు ప్రతి ఇంటా ఉండవలెనని మా కోరిక.